రోబోకి నా చేతిపని చూపించమంటున్నారు, చూపించాలా వద్దా?

ఉత్తరం: "అన్నా, మాది ధర్మవరం. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేసి పెనుకొండ దగ్గర కార్ల సీటు ఫ్రేములు చేసే కంపెనీలో ఆరేళ్లుగా పని చేస్తున్నా, పర్మనెంటే. మా లైన్లో షిఫ్టుకు పన్నెండు మంది వెల్డర్లం. రెండు నెలల్లో నాలుగు రోబో సెల్స్, అంటే కంచె లోపల రోబో నిలబడి వెల్డ్ చేసే గదుల్లాంటివి, వస్తున్నాయంట. హెచ్ఆర్ వాళ్లు మీటింగ్ పెట్టి 'ఎవరి ఉద్యోగమూ పోదు, మీరంతా రోబో ఆపరేటర్లు అవుతారు' అన్నారు. మొన్న నన్నూ ఇంకో ఇద్దరినీ పిలిచి, రోబోలు పెట్టే ఇంజినీర్లు వస్తారు, మీరు వెల్డింగ్ టార్చ్ ఏ యాంగిల్లో పట్టుకుంటారో, ఎంత స్పీడులో పోతారో వాళ్లకు చూపించండి అన్నారు. నా చేత్తో నేనే నా పొట్ట కొట్టుకుంటున్నట్టుంది. చూపించాలా, తెలీనట్టు ఊరుకోవాలా? మా బావేమో హైదరాబాదులో లక్షన్నర కట్టి ఆటోమేషన్ కోర్సు చేయమంటాడు. మా నాయన పట్టుచీరలు నేసేవాడు, పవర్‌లూమ్‌లు వచ్చినాక మగ్గం ఆపేసినాడు. 'నా మగ్గం పోయింది, నీ టార్చీ పోతుంది, వచ్చెయ్, గొర్రెలు కొనుక్కుందాం' అంటాడు. పెళ్లయింది, పాప ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా పేరు వేయొద్దు."

తమ్ముడూ,

ముందు నీ అసలు ప్రశ్న సంగతి తేలుద్దాం, మీ బావ దగ్గరికీ మీ నాయన దగ్గరికీ తర్వాత వస్తాను. చూపించు. కాకపోతే చూపించే ముందు అడగాల్సినవి అడిగి, వీలైతే కాగితం మీద పెట్టించుకుని చూపించు. తెలీనట్టు ఊరుకునే దారి నీకు నిజంగా లేదు.

ఎందుకంటే రోబో నీ దగ్గర పని నేర్చుకోదు. కొత్తగా చేరిన అప్రెంటిస్ కుర్రాడు నీ పక్కన ఆరు నెలలు నిలబడి నీ చేతివాటం పట్టుకుంటాడే, అలాంటిది కాదిది. వచ్చే ఇంజినీరు చేతిలో పెండెంట్ అని ఒక పలకలాంటిది ఉంటుంది, దానిమీది బటన్లు నొక్కి రోబో చేతిని కొంచెం కొంచెంగా జరుపుతూ టార్చ్ కొనను జాయింట్ దగ్గరికి తెస్తాడు, ఆ చోటును సేవ్ చేస్తాడు, మళ్లీ జరుపుతాడు, మళ్లీ సేవ్ చేస్తాడు. ఏ పాయింటు దగ్గర ఆర్క్ వెలగాలి, ఎక్కడ ఆరాలి, కరెంటు ఎంత, వోల్టేజీ ఎంత, వేగం ఎంత, ఇవన్నీ నింపుతాడు. నువ్వు చూపిస్తే ఆ అంకెలు ఆయనకు రెండు మూడు రోజుల్లో దొరుకుతాయి. చూపించకపోతే పాతిక ముప్ఫై ఫ్రేములు పాడుచేసి, వెల్డును అడ్డంగా కోసి, యాసిడ్ పూసి వెల్డ్ లోపలికి ఎంత దిగిందో చూసుకుంటూ ఓ పది రోజుల్లో పట్టుకుంటాడు. అంటే నువ్వు దాచిపెట్టి ఆపగలిగేది ఒక్క వారం. ఆ వారం కోసం పెండెంట్ పక్కన నిలబడే చోటు వదులుకోవడం తెలివైన బేరం కాదు.

అయితే ఆ అంకెల్లోకి ఎక్కనిది ఒకటి నీ దగ్గర ఉంది, దాని విలువ నీకే తెలిసినట్టు లేదు. నా కళ్లముందు జరిగింది చెబుతాను.

నేను శ్రీపెరంబుదూరు వైపు ఒక బండ్ల ఫ్రేముల ప్లాంటులో మెయింటెనెన్స్‌లో ఉన్నప్పుడు మొదటి వెల్డింగ్ రోబో వచ్చింది. మొదటి వారమంతా పైపులు చిల్లులు పడుతూనే ఉన్నాయి. ఇంజినీరు కరెంటు తగ్గించాడు, చిల్లులు ఆగాయి, ఈసారి వెల్డ్ లోపలికి దిగలేదు. పెంచితే మళ్లీ చిల్లులు. రెండు రోజులు ఆ స్క్రీన్ ముందే గడిచిపోయాయి. మా దగ్గర పుత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం మేస్త్రీ అని పిలిచేవాళ్లం. ఆయన రోబో వంక చూడనే లేదు. బిన్‌లోంచి రెండు పైపులు తీసి, కొనలు ఒకదానికొకటి ఆనించి, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకున్నాడు. మధ్యలోంచి వెలుతురు కనపడుతోంది. పైపులు కోసే బ్లేడు మొద్దుబారి కోత వంకర పోతోంది, మిల్లీమీటరు పైనే గ్యాపు. ఎప్పట్నుంచి ఇలా వస్తోంది మేస్త్రీ అని అడిగితే, "చాలా నెలలైంది సార్, చేత్తో చేసేటప్పుడు మేమే నింపుకుంటూ పోయేవాళ్లం" అన్నాడు. మరి చెప్పలేదేం అంటే, "ఎవరడిగారు" అన్నాడు.

నువ్వు రోజూ చేస్తున్నదీ అదే. ప్రెస్ షాపు నుంచి వచ్చిన బ్రాకెట్ కొంచెం వంగి ఉంటే నీ చేయి దానంతట అదే సర్దుకుంటుంది. గ్యాపు ఎక్కువుంటే కొంచెం ఊపుతావు, వైరు ఫీడర్ జారుతుంటే ఆర్క్ చప్పుడు మారగానే నీ చెవికి తెలిసిపోతుంది, గ్యాస్ తగ్గితే బీడ్ మీద, అంటే వెల్డ్ గీత మీద, సన్న రంధ్రాలు పడకముందే నాజిల్ విప్పి చూస్తావు. రోబో ఉందే, చెప్పిన చోటికే వెళ్తుంది, మిల్లీమీటరులో పదోవంతు కూడా తేడా రాకుండా వెళ్తుంది, చిక్కంతా అక్కడే. జాయింటు అర మిల్లీమీటరు పక్కకు జరిగితే అది పాత చోటే అంతే శ్రద్ధగా వెల్డ్ చేసి పెడుతుంది. జాయింటును వెతుక్కునే సెన్సర్లూ కెమెరాలూ ఉన్నాయి కానీ ప్రతి కంపెనీ కొనదు, కొన్నా అవి అన్నిటినీ పట్టలేవు. కాబట్టి సెల్స్ వచ్చిన మొదటి మూడు నెలలు ప్లాంటులో గోల అంతా రోబో గురించి ఉండదు, ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్ గురించీ, వచ్చే పార్టు గురించీ ఉంటుంది. ఆ గోల మధ్యలో 'ఇది ఇందువల్ల' అని చెప్పగలిగిన మనిషి నువ్వే అవ్వాలి.

మేస్త్రీ కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన్ను రెండేళ్లు క్వాలిటీ అని పక్కన కూర్చోబెట్టుకున్నారు, అందరూ ఆయన్నే అడిగేవారు, పేరు మాత్రం మారలేదు, జీతమూ మారలేదు. మేనేజరు మారాడు. కొత్తాయన కాగితాలు తిరగేస్తే మేస్త్రీ పేరు ఎదురుగా వెల్డర్ అని ఉంది, లైన్లో చేతి వెల్డింగ్ లేదు, ప్యాకింగ్‌కి పంపేశారు. తప్పు కంపెనీది ఒక్కటే అననులే. పెండెంట్ మెనూ అంతా ఇంగ్లీషులో ఉంటుంది, ఆయన దాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు, మేమూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు, ఆ మాట దాచడం దేనికి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాననుకో.

ఇప్పుడు మీ హెచ్ఆర్ అన్న 'రోబో ఆపరేటర్' దగ్గరికి వద్దాం. ఆ ఒక్క పేరు కింద రెండు వేరు వేరు పనులున్నాయి, మీటింగులో ఎవరూ విడదీసి చెప్పరు. ఒకటి, ఫిక్స్చర్‌లో ముక్కలు పేర్చి, వెనక్కి జరిగి, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కి, రోబో చేసిన ఫ్రేము తీసి ట్రాలీలో పెట్టే పని. దాన్ని ప్లాంటులో లోడింగ్ అంటారు. నేర్చుకోవడానికి ఒక పూట చాలు, అందుకే కాంట్రాక్టు కుర్రాడితో కూడా చేయించొచ్చు, రేపు ఇంకో రోబో వస్తే మొదట పోయేదీ అదే. రెండోది, పెండెంట్ చేతిలో ఉండే పని. అలారం వస్తే చదివి తీర్చడం, టిప్ మార్చాక టార్చ్ కొన సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, పాయింటు పక్కకు పోతే సరిదిద్దడం, ఫిక్స్చర్ క్లాంపు అరిగితే కనిపెట్టడం. నాలుగు సెల్స్‌కి షిఫ్టుకు లోడింగ్ వాళ్లు నలుగురో ఐదుగురో కావాలి, పెండెంట్ పట్టేవాళ్లు ఇద్దరు చాలు. నువ్వు ఆ ఇద్దరిలో ఉండాలి.

లోడింగ్ తేలిక కదా, చేతులు కాలవు, పొగ పీల్చక్కర్లేదు, అదే మేలు కదా అంటారు కొందరు. పొగ సంగతి నిజమే, ఇన్నేళ్లు వెల్డింగ్ పొగ పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఆలోచిస్తే రోబో రావడం మంచిదే అని నేనూ అంటాను. కానీ లోడింగులో నీ వేగాన్ని రోబో నిర్ణయిస్తుంది. చేతి వెల్డింగులో ఒక ఫ్రేము అయ్యాక హెల్మెట్ ఎత్తి ఓ గుక్క నీళ్లు తాగుతావు చూడు, ఆ గుక్క ఉండదు. ఇది కొత్త గొడవేం కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం లార్డ్‌స్టౌన్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటుకు కారు బాడీల స్పాట్ వెల్డింగ్ రోబోలు 1969 ప్రాంతంలోనే వచ్చాయి. లైను వేగం గంటకు 100 కార్ల దాకా పెంచారు, అంటే ఒక్కో మనిషికి ఒక్కో కారు దగ్గర 36 సెకన్లు. 1972లో అక్కడి కార్మికులు సమ్మెకు దిగారు, మూడు వారాలు సాగింది. ఆ సమ్మెలో పెద్ద గొడవ ఆ వేగం మీదే. అందుకని మీ సెల్ సైకిల్ టైమ్ (ఒక ఫ్రేముకు పట్టే సమయం) ఎంత పెడుతున్నారు, లోడింగ్ మనిషికి మార్పిడి ఉంటుందా అనేది ఇప్పుడే అడగండి, సెల్ నడవడం మొదలయ్యాక అడిగితే 'ముందే ఫిక్స్ అయిపోయింది' అంటారు.

ఎవరి ఉద్యోగమూ పోదన్న మాట నమ్మాలా అంటే, సగం నమ్ము. పన్నెండు మంది చేసే చోట ఆరేడుగురు చాలినప్పుడు మిగతా ఐదుగురు ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి, ఆర్డర్లు పెరుగుతుంటే వేరే లైన్లోకి పోతారు, పెరక్కపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు కాంట్రాక్టు వాళ్లను 'రేపట్నుంచి రావద్దు' అంటారు, అది చప్పుడు లేకుండా జరిగిపోతుంది కాబట్టి ఎవరి ఉద్యోగమూ పోలేదని కూడా చెప్పుకోవచ్చు. మీ లైన్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లెవరో నీకు తెలుసు. వాళ్లకు ఈ సంగతి ఇప్పుడే చెవిన వేయి, ఇంకో చోటు వెతుక్కోవడానికి వాళ్లకు రెండు నెలలైనా దొరుకుతాయి.

దీనిమీద పెద్ద చదువులు చదివినవాళ్లు లెక్కలు కూడా కట్టారు. అమెరికాలో ఎసిమోగ్లు, రెస్ట్రెపో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990 నుంచి 2007 దాకా చూసి, రోబోలు ఎక్కువ వచ్చిన ప్రాంతాల్లో ఉద్యోగాలూ తగ్గాయి, జీతాలూ తగ్గాయి అని తేల్చారు. జర్మనీలో ఇంకో బృందం 1994 నుంచి 2014 దాకా చూస్తే వేరే చిత్రం కనపడింది. అక్కడ ఫ్యాక్టరీ ఉద్యోగాలు తగ్గాయి గానీ అప్పటికే లోపలున్నవాళ్లను పెద్దగా బయటకు పంపలేదు, అదే కంపెనీలో వేరే పనుల్లోకి మార్చారు, తలుపు మూసుకుపోయింది కొత్తగా రావాల్సిన కుర్రాళ్లకి. తేడా ఎందుకొచ్చిందంటే నా ఉద్దేశంలో అక్కడ యూనియన్లు గట్టివి, కంపెనీలోనే పని నేర్పే అలవాటు పాతది. మన దగ్గర ఏది జరుగుతుందంటే, రెండూ కలిసి జరుగుతాయి, పర్మనెంట్ వాళ్లకు జర్మనీ, కాంట్రాక్టు వాళ్లకు అమెరికా. నువ్వు ఈరోజు లోపల ఉన్నావు, అదీ పర్మనెంట్‌గా. ఆ చోటును చేజేతులా వదిలి గొర్రెల దగ్గరికో హైదరాబాదుకో వెళ్లొద్దని చెప్పడానికి ఇదంతా.

ఇంకో ఓదార్పు కూడా నీ చెవిన పడే ఉంటుంది, టెస్లావాడే రోబోలు తీసేసి మనుషుల్ని పెట్టుకున్నాడు కదా అని. నిజమే. 2018లో మోడల్ 3 కార్లు అనుకున్నన్ని రాక ఫ్యాక్టరీ ఉక్కిరిబిక్కిరైతే, మితిమీరిన ఆటోమేషన్ పొరపాటు, అది నా పొరపాటే, మనుషుల్ని తక్కువ అంచనా వేశాం అని ఎలాన్ మస్కే ట్విట్టర్లో రాశాడు. బ్యాటరీ ప్యాక్ మీద పరిచే దూదిలాంటి ఫైబర్‌గ్లాస్ మ్యాట్‌ను ఎత్తి పెట్టడానికి ఒక రోబోను పెట్టి, అది ఎత్తలేక, చివరికి ఆ రోబోనే పీకేశారు. మెత్తగా వేలాడేవి, వైర్లు, రబ్బర్లు, సీటు గుడ్డలు, ఇవంటే రోబోకి ఇప్పటికీ కష్టమే, అందుకే ఏ కార్ల ప్లాంటుకు వెళ్లినా చివరి అసెంబ్లీలో మనుషులు కిటకిటలాడుతుంటారు. కానీ తమ్ముడూ, నీది ఆ పని కాదు. గట్టి లోహం, ఒకే ఆకారం, ఒకే జాయింటు రోజుకు వందలసార్లు, అది రోబోకి పండగ. మీ పక్కనే ఉన్న కియా ప్లాంటు 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడే కారు బాడీని వెల్డ్ చేసే బాడీ షాపులో వందల రోబోలతో మొదలుపెట్టింది. పెద్ద కంపెనీ అలా చేస్తే, దానికి సామాను ఇచ్చే చిన్న కంపెనీలను కూడా ప్రతి వెల్డూ ఒకేలా ఉందని రుజువు చూపించమంటారు, చేతి వెల్డింగుతో ఆ రుజువు చూపడం కష్టం. మీ దగ్గరికి రోబో రావడానికి మీ జీతాల కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం. 2024లో దేశం మొత్తానికి వచ్చిన కొత్త పారిశ్రామిక రోబోలు 9,100 దాకా ఉంటాయి, సగానికి దగ్గరగా కార్ల రంగంలోకే వెళ్లాయి. అదే ఏడాది చైనాలో 2 లక్షల 95 వేలు పెట్టారు. అంటే మన దగ్గర ఈ వరస ఇప్పుడే మొదలైంది, పెండెంట్ పట్టడం వచ్చిన మనిషికి వచ్చే పదేళ్లు గిరాకీ ఉంటుందని నేను చెప్పేది అందుకే.

సరే, చూపించే ముందు ఏం అడగాలి. మీ ముగ్గురూ కలిసే వెళ్లండి, ఒక్కడివే వెళితే 'నీకేం కావాలో నాకు చెప్పు' అని విడదీస్తారు. ఒకటి, రోబో కంపెనీ ఇచ్చే ట్రైనింగుకి పంపేవాళ్ల జాబితాలో మా పేర్లు ఉండాలి అనండి. రోబో కొన్నప్పుడు కొన్ని సీట్ల ట్రైనింగ్ కొనుగోలులోనే కలిసి వస్తుంటుంది, సాధారణంగా దానికి డిప్లొమా కుర్రాళ్లను, మెయింటెనెన్స్ వాళ్లను పంపేస్తారు, వెల్డర్ని పంపాలన్న ఆలోచనే రాదు. ఫానుక్, ఏబీబీ వంటి రోబో కంపెనీల ఆఫీసులు బెంగళూరులోనే ఉన్నాయి, మీకు రెండు మూడు గంటల ప్రయాణం, పంపడం వాళ్లకేం బరువు కాదు. ఇంకోటి, ట్రైనింగ్ అయ్యాక హోదా పేరు మారుస్తూ లెటర్ ఇవ్వాలి. జీతం తర్వాత పెరిగినా ఫర్వాలేదు, పేరు మాత్రం ముందు మారాలి, మేస్త్రీ గుర్తున్నాడు కదా. నోటిమాటగా ఒప్పుకుంటే ఆ సాయంత్రమే 'ఈరోజు మీరు చెప్పినట్టుగా' అని ఒక మెయిల్ పెట్టెయ్, వాళ్లు జవాబివ్వకపోయినా నీ దగ్గర తేదీతో సహా ఉంటుంది.

చట్టం కూడా కొంచెం తెలిసి ఉండాలి, గొడవకు కాదులే, మీటింగులో కూర్చున్నప్పుడు వెన్ను నిటారుగా ఉండటానికి. ప్లాంటులో యంత్రాలో పద్ధతులో మార్చడం వల్ల మనుషుల్ని తీసేసే పరిస్థితి వచ్చేలా ఉంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ నియమం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, 2025 నవంబరు 21 నుంచి దాని బదులు అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. ఏడాది దాటినవాణ్ని తీసేస్తే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, పైన ప్రతి పూర్తి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. కొత్త కోడ్‌లో మళ్లీ పని నేర్చుకోవడానికని ఇంకో 15 రోజుల జీతం ఖాతాలో వేయాలని కూడా ఉంది. నీ ఆరేళ్లకు లెక్క కట్టుకో, 90 రోజులూ 15 రోజులూ, గ్రాట్యుటీ వేరే. మొత్తం కలిపినా కొన్ని నెలల ఇంటి ఖర్చుకే సరిపోతుంది. అందుకే పరిహారం మీద ఆశ పెట్టుకోకు అంటాను. ఒకే రకం పనివాళ్లలో ఆఖరున చేరినవాణ్ని ముందు తీయాలన్నది మామూలు పద్ధతి, మీ పన్నెండు మందిలో నీ సీనియారిటీ ఎన్నోదో చూసుకో, సగం టెన్షన్ అక్కడే తగ్గొచ్చు.

ఇంగ్లీషు గురించి నువ్వు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. భయపడకు. రోజూ కనపడే మాటలు ఓ నలభై ఉంటాయి, స్టెప్, జాయింట్, లీనియర్, ఆఫ్‌సెట్, టూల్, ఫాల్ట్, రీసెట్, ఇలాంటివి. అలారం వచ్చిన ప్రతిసారీ దాని నంబరు, అది ఎందుకొచ్చింది, ఎవరు ఏం చేస్తే పోయింది, ఇవి చిన్న నోట్‌బుక్కులో తెలుగులో రాసుకో. మూడు నెలలయ్యేసరికి ఆ నోట్‌బుక్ కోసం ఇంజినీరే నీ దగ్గరికి వస్తాడు. (ఫోటో తీసుకుంటానంటే మాత్రం నవ్వి ఊరుకో.) ఇంకో విషయం, సెల్ ఆగిపోయే కారణాల్లో చాలాసార్లు రోబో తప్పు ఏమీ ఉండదు, ముక్క పెట్టారా లేదా చూసే చిన్న ప్రాక్సిమిటీ సెన్సర్ మీద స్పాటర్ (వెల్డింగులో ఎగిరే లోహపు చుక్కలు) పడి ఉంటుంది, లేదా దాని వైరు తెగి ఉంటుంది. 24 వోల్టుల సెన్సర్ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకుని, మంచి మల్టీమీటరు ఒకటి కొనుక్కుని వాడటం నేర్చుకుంటే లక్షన్నర కోర్సులో మొదటి నెల అయిపోయినట్టే.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా, విను. కంచె లోపలికి వెళ్లేటప్పుడు తలుపు తాళం చెవి నీ జేబులో ఉండాలి, సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా సరే. ఆగి ఉన్న రోబో ఆగిపోయిందని కాదు, అది ఏదో సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు, నువ్వు లోపల సెన్సర్ తుడవగానే ఆ సిగ్నల్ అందుతుంది. 1979లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక కాస్టింగ్ ప్లాంటులో ముక్కలు తీసుకోవడానికి అరల్లోకి ఎక్కిన 25 ఏళ్ల కుర్రాణ్ని రోబో చేయి వెనకనుంచి కొట్టి చంపింది, రోబో వల్ల పోయిన మొదటి మనిషిగా అతన్ని చెప్పుకుంటారు. టీచ్ మోడ్‌లో, అంటే పెండెంట్‌తో పాయింట్లు నేర్పేటప్పుడు, రోబో సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటి కదలకూడదని నియమం పెట్టింది మనిషి తప్పుకోవడానికి వ్యవధి ఉండాలనే. సెన్సర్‌కి టేపు అంటించి, తలుపు తెరిస్తే రోబోను ఆపే ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసి నడిపించమని అడిగే రోజు ఒకటి తప్పకుండా వస్తుంది, నెలాఖరున టార్గెట్ దగ్గరపడ్డప్పుడు. ఆరోజు కుదరదని చెప్పు.

మీ బావకి నా తరఫున చెప్పు, ఆయన మనసు మంచిదే, కోర్సు మాత్రం వద్దు. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టిన చోట రోబో ఒకటి ఉంటుంది, దాని చుట్టూ ముప్ఫై మంది ఉంటారు, నీ వంతు వచ్చేసరికి కోర్సు అయిపోతుంది. రెండు నెలల్లో నీ కళ్లముందే నాలుగు రోబోలు దిగబోతుంటే అప్పు చేసి ఇంకోచోట రోబోను చూడటానికి వెళ్లడమేంటి. అవి బిగించేటప్పుడు, ఆ పది పదిహేను రోజులు, నీ షిఫ్టు కాకపోయినా అక్కడే తచ్చాడు. ఇంజినీరుకి టీ తెచ్చిపెట్టు, కేబుల్ పట్టుకో, అడుగు. అలా దొరికే చదువు మళ్లీ దొరకదు. ఏడాది తర్వాత, పని చేతికొచ్చాక, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) నేర్చుకోవాలనిపిస్తే అప్పుడు హైదరాబాదు బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది, సీఐటీడీ అంటారు, అక్కడ ఫీజు ఎంతో కనుక్కో. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, రోబోటిక్స్ ట్రేడ్ కూడా అందులో ఉంది, మీ చుట్టాల్లో పది పాసైన పిల్లలెవరైనా అటువైపు ఉంటే వాళ్లకు చెప్పు, నీకంటే వాళ్లకే అది పనికొస్తుంది.

ఇక మీ నాయన. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోను, ఒకసారి దెబ్బ తిన్న మనిషి, పైగా ఆయన విషయంలో అన్యాయం కూడా జరిగింది. కొన్ని రకాలు చేనేతకే అని 1985లో చట్టం చేసి కూడా, పవర్‌లూమ్ మీద నేసింది చేనేత పేరుతో అమ్ముతుంటే ఆపినవాళ్లు తక్కువ. ఆయన పోటీపడింది మిషన్‌తో ఒక్కదానితో కాదు, మోసంతో కూడా. నీకు అలాంటిదేం లేదు, నీ వెల్డును ఎవరూ రోబో వెల్డని చెప్పి అమ్మబోవడం లేదు. ఇంకో తేడా ఏంటంటే పవర్‌లూమ్ ఆయన ఇంట్లోకి రాలేదు, ఎక్కడో పెద్ద షెడ్లలోకి వచ్చింది, దాన్ని ముట్టుకునే అవకాశమే ఆయనకు లేదు. మన దగ్గరే ఇంకోలా జరిగిన కథ కూడా ఉంది. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం చుట్టడానికి, చేతిని రోజుకు వేలసార్లు అటూ ఇటూ తిప్పీ తిప్పీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999 నాటికి ఆసు మిషన్ చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ మిషన్ నేతగాడి ఇంట్లోకే వచ్చింది కాబట్టి పని అతని దగ్గరే మిగిలింది.

మీ నాయన్ను ఒకటి అడుగు. ధర్మవరం చీర అంచుకు, కొంగుకు జాకార్డు అట్టలు వాడి ఉంటారు కదా, ఆ చిల్లుల అట్టలు. ఫ్రాన్స్‌లో జాకార్డ్ అనే ఆయన 1804లో తెచ్చిన ఆ పద్ధతే తర్వాత కంప్యూటర్లకు దారి చూపింది, చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు, రోబోకి ఇచ్చే ప్రోగ్రాములో కూడా అడుగున ఉన్నవి ఆ 'అవును', 'కాదు' అనే రెండు మాటలే. ఒక చిల్లు తప్పుగా పడితే చీరలో ఎక్కడ తేడా వస్తుందో, అట్టల్లో ఏది తప్పో ఎలా పట్టుకునేవాడో ఆయన్ను చెప్పమను, పూర్తిగా విను. పోగు తెగితే దానంతట అదే ఆగిపోయే మగ్గాన్ని జపాన్‌లో సకిచి టొయోడా తయారుచేశాడు, ఆ మగ్గం డబ్బుతోనే వాళ్ల అబ్బాయి కార్ల పని మొదలుపెట్టాడు, అదే ఇప్పటి టొయోటా. ఇది కూడా చెప్పు, ఆయనకు నచ్చుతుంది.

గొర్రెలు కొనండి. నాలుగో ఐదో, మీ నాయన చూసుకోగలిగినన్ని, నీ జీతంలోంచే. ఆ లక్షన్నర అప్పు కంటే అది నయం. నువ్వు మాత్రం సోమవారం మిగతా ఇద్దరినీ వెంటబెట్టుకుని హెచ్ఆర్ దగ్గరికి వెళ్లు, వాళ్లు ట్రైనింగ్ జాబితా గురించి ఏమన్నారో నాకు రాయి. అవునన్నా రాయి, దాటవేసినా రాయి, దాటవేస్తే ఆ తర్వాత ఏం చేయాలో మళ్లీ మాట్లాడుకుందాం.